రెండు సెంట్ల జాగాలో ఏ గుమ్మడి వేయాలి?

రెండుసెంట్లరైతు
మాది భీమవరం శివార్లలో ఒక కొత్త లేఅవుట్. ఇళ్ళు కట్టని ప్లాట్లన్నీ పిచ్చిమొక్కలు, పాములతో నిండిపోతుంటే ఓనర్లతో మాట్లాడి కాలనీవాళ్ళం తలా రెండు సెంట్లు కూరగాయలకి పంచుకున్నాం. నా వాటాకి చివరి ప్లాట్లో మూల ముక్క వచ్చింది. ఎండకి లోటు లేదు. ఉత్తరం పక్క ఇనప కంచె ఉంది. అందరూ బెండ, వంగ, గోరుచిక్కుడు వేస్తున్నారు. నాకేమో గుమ్మడి మీద మనసు. మా తాతయ్యగారింట్లో అటక మీద గుమ్మడికాయలు బోర్లించిన బిందెల్లా వరసగా ఉండేవి, ఆ దృశ్యం ఇంకా కళ్ళలో ఉంది.

పోయినేడాది ఎవరో ఇచ్చిన గింజలు నాటితే తీగ నా రెండు సెంట్లూ చుట్టేసి పక్కాయన బెండ మీదకెక్కింది. ఆయన ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు. అంతా కలిపి కాసినవి రెండు కాయలు. ఒకదాన్ని కింద నుంచి పందికొక్కు తొలిచేసింది. రెండోది తొమ్మిది కిలోలు తూగింది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. కోసిన నాలుగో రోజుకి సగం కాయ బూజు పట్టింది.

ఈసారి విత్తనాల కొట్టుకెళ్తే నాలుగు ప్యాకెట్లు ముందు పెట్టాడు. పేర్లు వేరు, బొమ్మ మాత్రం నాలుగింటి మీదా ఒకటే! అల్లుడు అమెరికా నుంచి బటర్‌నట్, కబోచా అని రెండు రకాలు తెచ్చాడు. మా ఆవిడేమో ఇవన్నీ ఎందుకు, బూడిద గుమ్మడి వేస్తే వడియాలన్నా పెట్టుకుంటాం అంటోంది. ఇప్పుడు ఆగస్టు నెలాఖరు. సంక్రాంతికి కాయ చేతికి రావాలి. ఏం వేయమంటారు?

ఉట్టిమీదపిల్లి
ఆవిడ చెప్పింది వేయండి. చర్చ ముగిసింది.

లంకబుల్లోడు
పిల్లిగారు, ముగిసేదేముంది, ఇప్పుడేగా మొదలైంది.

మాది రావులపాలెం దగ్గర లంక. ఏటా వరద తీశాక ఒండ్రు మీద వేస్తాం. రకం సంగతి తరవాత, ముందు రెండు సెంట్లంటే ఎంతో చూడండి. సుమారు 80 చదరపు మీటర్లు. మామూలు గుమ్మడి పాదుకి వరసకీ వరసకీ మధ్య మూడు మీటర్లు వదలాలి. అంటే మీ జాగాలో రెండు వరసలు, మహా అయితే మూడు. పెద్ద కాయ రకం వేస్తే పాదుకి రెండు మూడు కాయలు నిలిస్తే గొప్ప. మీకు కావలసింది చిన్న కాయ, ఎక్కువ కాయలు. తొమ్మిది కిలోల కాయ ఊరికి పనికొస్తుంది గానీ ఇంటికి కాదు.

పేరూరు_పిన్ని
బుల్లోడు అన్నది అక్షరాలా నిజం. మా అత్తగారి హయాంలో పెద్ద గుమ్మడికాయ కొడితే వీధంతా తలో చెక్క పంచేవాళ్ళం. ఇటు నాలుగిళ్ళు, అటు నాలుగిళ్ళు. వచ్చే వారం వాళ్ళు కొట్టినప్పుడు మనకో చెక్క వచ్చేది. అందుకే ఎనిమిది కిలోల కాయైనా ఒక్క ముక్క పాడయ్యేది కాదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్ బెల్లు కొట్టి గుమ్మడి చెక్క చేతిలో పెడితే దిష్టి తీసి పడేసిందేమోనని అనుమానంగా చూస్తున్నారు.

పైగా ఇంకో తంటా. మాలో ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయ మీద మొదటి కత్తి వేయరు. ఆయన ఊళ్ళో లేకపోతే కాయ అలా కూర్చునే ఉంటుంది. పోయిన నెల మా ఐదేళ్ళ మనవడి చెయ్యి పట్టుకుని కత్తి ఆనించి, తరవాత నేను కోశాను. వాడు బడికెళ్ళి నేనే వంట చేశానని చెప్పాడట.

ఉట్టిమీదపిల్లి
అయితే చిన్న రకం వేస్తే చిన్న మొగాడు చాలన్నమాట.

కడియం_మొక్క
నర్సరీలో పనిచేస్తాను కాబట్టి రోజూ అడిగే ప్రశ్న ఇది. పేరు చూసి కొంత పోల్చుకోవచ్చు. అర్క అని మొదలైతే బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థది. పూసా అంటే ఢిల్లీ. కో అంటే కోయంబత్తూరు. మీకు పనికొచ్చేవి చెబుతాను.

అర్క చందన్: రెండు మూడు కిలోల కాయ, పండితే లేత గోధుమ రంగు, లోపల మంచి నారింజ. నాలుగు నెలల పంట. దప్పళానికి, బెల్లం కూరకి ఇదే నా ఓటు.

అర్క సూర్యముఖి: కిలో సైజు, బంతిలా గుండ్రం, నారింజ రంగు మీద తెల్లని చారలు. చందన్ కంటే ముందే చేతికొస్తుంది. పండు ఈగని తట్టుకుంటుందని ఆ సంస్థ చెబుతుంది.

పూసా విశ్వాస్: ఐదు కిలోలు. మీ ఇద్దరికీ ఎక్కువ.

కో-1: ఏడెనిమిది కిలోలు, దగ్గర దగ్గర ఆరు నెలలు పడుతుంది. మీ సంక్రాంతి దాటిపోయి శివరాత్రి వస్తుంది. కో-2 అయితే కిలోన్నర, రెండు కిలోలు. అది ఆలోచించవచ్చు.

ఒకే బొమ్మ ఉన్న ప్యాకెట్ల సంగతి: బొమ్మ చూడకండి, వెనక లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం చూడండి. అవి లేకపోతే కొనకండి.

రెండుసెంట్లరైతు
ఇప్పుడే ప్యాకెట్ తిప్పి చూశాను. తేదీ ఉండాల్సిన చోట ధర స్టిక్కరు అతికించి ఉంది.

కడియం_మొక్క
గోరుతో గీకి చూడండి.

రెండుసెంట్లరైతు
గీకాను. గడువు దాటి ఏడు నెలలు.

చెరువుగట్టు
హహ. మా ఊళ్ళోనూ అంతే. గుమ్మడి గింజ బాగా ఎండబెట్టి దాస్తే మూడు నాలుగేళ్ళు మొలుస్తుంది గానీ ఆ కొట్టులో ఎలా ఉంచాడో ఎవరికి తెలుసు. తడిగుడ్డలో పది గింజలు మూటకట్టి చూడండి. ఏడుకి తక్కువ మొలిస్తే వదిలేయండి.

అసలు నేను చెప్పదలుచుకుంది వేరే. భీమవరం కొత్త లేఅవుట్ అన్నారు. ఆ ప్లాట్లు దేంతో మెరక చేశారో కనుక్కున్నారా? గోదారి బుసక, అదే ఇసక మట్టి, తోలితే ఫరవాలేదు. మా వైపు చాలాచోట్ల రొయ్యల చెరువు పూడిక తోలేస్తున్నారు. దాంట్లో ఉప్పు ఉంటుంది. నాకు అనుభవం. మా చెరువు గట్టు మీద మూడేళ్ళు గుమ్మడి వేశాను. మొలక బాగానే వచ్చేది, ఐదారు ఆకుల దాకా ఎదిగేది, ఆ తరవాత ఆకు అంచులు కాలిన కాగితంలా మాడిపోయేవి. తెగులనుకుని రెండు మందులు కొట్టాను. తీరా మట్టి పరీక్ష చేయిస్తే ఉప్పు. ఇప్పుడు అదే గట్టు మీద కొబ్బరి వేసి ఊరుకున్నాను.

రెండుసెంట్లరైతు
మాది బుసకేనండి, లారీలు తోలినప్పుడు చూశాను. కింద పాత వరిచేను నల్లమట్టి, పైన రెండడుగులు బుసక. పోయినేడాది ఆకులు మాడలేదు. ఆకు మాత్రం విపరీతం, అదే బాధ.

లంకబుల్లోడు
ఆకు విపరీతమంటే యూరియా చల్లారు. ఒప్పుకోండి.

రెండుసెంట్లరైతు
... రెండు గుప్పెళ్ళు.

లంకబుల్లోడు
పాదుకా?

రెండుసెంట్లరైతు
పాదుకే.

ఉట్టిమీదపిల్లి
గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నారు పాపం.

బోటనీ_మాస్టారు
తణుకులో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఒక గందరగోళం తీరుస్తాను. మనం గుమ్మడి అని ఒకే పేరుతో పిలిచేవాటిలో కనీసం రెండు వేరు వేరు ప్రజాతులున్నాయి. బూడిద గుమ్మడి బెనిన్‌కాసా, ఆసియాది. కూష్మాండమని పాత సంస్కృత గ్రంథాల్లో ఉన్నది అదే. దప్పళంలో వేసుకునే తీపి గుమ్మడి కుకుర్‌బిటా. అది పుట్టింది అమెరికా ఖండాల్లో. కొలంబస్ తరవాతే సముద్రం దాటి మన దాకా వచ్చింది. కాబట్టి అల్లుడుగారు అమెరికా నుంచి తెచ్చారని చిన్నచూపు చూడకండి, మన తాతల అటక మీద ఉన్నదీ అక్కణ్ణుంచి వచ్చినదే, కాకపోతే నాలుగైదు వందల ఏళ్ళు ముందు బయల్దేరింది.

ఆ కుకుర్‌బిటాలో మళ్ళీ మూడు జాతులు ముఖ్యం: మోస్కాటా, మాక్సిమా, పెపో. ఏది ఏదో తెలియాలంటే కాయ కాదు, తొడిమ చూడండి. తొడిమ గట్టిగా, ఐదు పలకలుగా ఉండి, కాయని తాకే చోట కోడి పాదంలా విచ్చుకుంటే మోస్కాటా. గుండ్రంగా, లావుగా, సీసా బిరడాలా మెత్తబడితే మాక్సిమా. పలకలుండి కూడా విచ్చుకోకపోతే, ఆకు ముట్టుకుంటే గరగరా గుచ్చుకుంటే పెపో.

మన డెల్టా ఉక్కకి, వానకి తట్టుకునేది మోస్కాటా. అర్క చందన్ మోస్కాటా, బటర్‌నట్ కూడా మోస్కాటానే. అందుకని అల్లుడుగారి రెండు ప్యాకెట్లలో బటర్‌నట్ నిశ్చింతగా వేయండి. కబోచా మాక్సిమా, దానికి చల్లదనం కావాలి.

హైటెక్_గోదారి
మాస్టారూ ఒక చిన్న అభ్యంతరం. అర్క సూర్యముఖి కూడా మాక్సిమానే కదా, అది మన దగ్గర కాస్తుందంటున్నారు. అలాంటప్పుడు కబోచాని ఎందుకు కొట్టేయడం? నేను పాలకొల్లు మనిషిని, హైదరాబాద్‌లో డాబా మీద పెద్ద గ్రో బ్యాగుల్లో కబోచా వేశాను. నవంబరులో విత్తితే మూడు కాయలొచ్చాయి. రుచి చెప్పనా? ఉడికిన చిలగడదుంప, చెస్ట్‌నట్ కలిపినట్టు. నీరు కారదు.

పేరూరు_పిన్ని
చెస్ట్‌నట్ ఎలా ఉంటుందో మాకెవరికి తెలుసు నాయనా. పనసగింజ అను.

హైటెక్_గోదారి
సరే పిన్నిగారూ, ఉడకబెట్టిన పనసగింజ. నిజంగా అలాగే ఉంటుంది!

బోటనీ_మాస్టారు
మీ పాయింటు సబబే. సూర్యముఖి ఇక్కడి వాతావరణంలో ఎంపిక చేసిన రకం, కబోచా జపాన్‌లో ఎంపిక చేసింది. జాతి ఒకటైనా పెంపకం వేరు. అదీగాక మీది హైదరాబాద్, పొడి గాలి. భీమవరంలో అక్టోబరులో ఆకు మీద తడి ఆరనే ఆరదు.

కడియం_మొక్క
ఒక పాదు వేసి చూడమనండి, పోయేదేముంది. కానీ సంక్రాంతి నమ్మకం దాని మీద పెట్టుకోవద్దు.

నిడదవోలు_కోడలు
ఇన్ని రకాలు చెప్పారు గానీ అసలు కాయ నిలవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. పోయినేడాది అక్టోబరులో ఆరు పాదులు వేశాను. డిసెంబరు నాటికి పువ్వులే పువ్వులు. ఒక్క పిందె లేదు. తెగులనుకుని, దిష్టి అనుకుని, పాదు దగ్గర చెప్పు కూడా కట్టాను. చివరికి సంగతేంటంటే ధనుర్మాసం. మా వీధి పిల్లలు తెల్లారకుండానే వచ్చి గొబ్బెమ్మల మీదకి పువ్వులన్నీ కోసుకుపోతున్నారు. ఆడ పువ్వులతో సహా!

ఓ రోజు పొద్దున్నే కాపు కాసి పట్టుకున్నాను. తిట్టలేదు. పువ్వు కింద గోళీకాయంత పిందె ఉంటే ఆడది, దాన్ని ముట్టుకోవద్దు, సన్నని పొడుగు కాడ ఉన్నది మగది, అవి కోసుకోండి, కానీ నాకు రోజూ రెండు వదలండి అని చూపించాను. మర్నాటి నుంచి వాళ్ళే నాకు లెక్క చెప్పేవాళ్ళు, ఆంటీ ఈ రోజు మూడు ఆడవి విచ్చాయి అని.

లంకబుల్లోడు
బంగారం లాంటి మాట చెప్పారు కోడలుగారు. పిందె రాలిందంటే సగం సార్లు తెగులు కాదు, పుప్పొడి అందకపోవడం. మీ కాలనీలో తేనెటీగలున్నాయో లేదో. గుమ్మడి పువ్వు తెల్లారేసరికి విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆ రెండు మూడు గంటలే. ఆరింటికి వెళ్ళి మగ పువ్వు కోసి రేకులు ఒలిచేసి, మధ్యనున్న పసుప్పచ్చ బుడిపెని ఆడ పువ్వు లోపల నెమ్మదిగా రాయండి. ఒక మగ పువ్వు రెండు ఆడవాటికి సరిపోతుంది.

మొదట పదిహేను రోజులు అన్నీ మగ పువ్వులే వస్తాయి. కంగారుపడకండి.

చెరువుగట్టు
ఆడ పువ్వులు పెరగడానికి ఎథ్రెల్ అనే హార్మోన్ మందు కొడతారు కదా? 10 లీటర్లకి 2.5 మి.లీ., రెండు నుంచి నాలుగు ఆకులున్నప్పుడు.

లంకబుల్లోడు
ఎకరం వేసేవాళ్ళు కొడతారు. ఆరు పాదులకి ఎందుకండి, కొలతలో చుక్క తేడా వస్తే మొక్క కుంగుతుంది.

రెండుసెంట్లరైతు
ఇంకో సందేహం. బూడిద గుమ్మడి, తీపి గుమ్మడి పక్కపక్కన వేస్తే కలిసిపోయి రుచి పాడవుతుందని మా కాలనీ ప్రెసిడెంటుగారు గట్టిగా చెబుతున్నారు.

బోటనీ_మాస్టారు
ఆ రెండూ కలవవు. ఆవుకీ మేకకీ పోలిక. చందన్, బటర్‌నట్ మాత్రం కలుస్తాయి, రెండూ మోస్కాటా కాబట్టి. అలా కలిసినా ఈ ఏడు మీరు తినే కాయ మారదు. ఆ కాయలోని గింజ మారుతుంది. ఆ గింజ వచ్చే ఏడు నాటితే తల్లీ కాదు తండ్రీ కాదు అన్నట్టు ఏదో కాస్తుంది. మీరు పోయినేడాది ఎవరో ఇస్తే నాటారే, అదీ అలాంటిదే అయ్యుంటుంది. గింజ దాచుకోవాలంటే ఒకే మోస్కాటా వేయండి, లేదా సాయంత్రమే మొగ్గకి గుడ్డ సంచి కట్టి పొద్దున చేత్తో పుప్పొడి రాసి మళ్ళీ కట్టేయండి. హైబ్రిడ్ గింజ మాత్రం ఎలాగూ దాచుకోవడానికి పనికిరాదు.

ఒక హెచ్చరిక. దాచిన గింజతో వచ్చిన కాయ గానీ ఏ కాయైనా గానీ చేదుగా ఉంటే ఉప్పూ కారం వేసి సర్దుకోకండి. పారేయండి. ఆ చేదు విషం కిందే లెక్క.

పేరూరు_పిన్ని
ఇంతకీ మీ ఆవిడగారి వడియాల సంగతి వదిలేశారు అందరూ. కంచె ఉందన్నారుగా, బూడిద గుమ్మడి రెండు పాదులు ఆ కంచె పక్కన వేసి పైకి పాకించండి. మాకైతే పశువుల పాక పక్కన పెంటకుప్ప మీద గింజ పడేస్తే తనంతట తనే పాక ఎక్కేది. కాయ మీద తెల్లటి బూడిద రాసుకున్నట్టు వచ్చేదాకా కోయకండి, లేతగా కోస్తే ముక్కలు నీరైపోతాయి.

వడియాలకి నా పద్ధతి: ముక్కలు చిన్నగా తరిగి ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటకట్టి రాత్రంతా రుబ్బురోలు కింద పెట్టాలి. తెల్లారేసరికి నీరంతా దిగిపోతుంది. మినప్పిండి గట్టిగా, నీళ్ళు తగలకుండా రుబ్బి, పచ్చిమిర్చి, ఇంగువ వేసి కలపడమే. పిండి ఎక్కువైతే రాయి, ముక్క ఎక్కువైతే పొడి. రెండు ఎండలు తగిలాక తిరగెయ్యాలి. సంక్రాంతి వెళ్ళాక పెట్టుకోండి, మబ్బులుండవు.

ఉట్టిమీదపిల్లి
రుబ్బురోలు లేనివాళ్ళు?

పేరూరు_పిన్ని
గ్యాస్ బండ.

చెరువుగట్టు
బూడిద గుమ్మడికి ఇంకో లాభం ఉంది. దసరాకి, గృహప్రవేశాలకి, కొత్త బండ్లకి దిష్టి కాయ కావాలి. లేఅవుట్ అన్నారుగా, ఇళ్ళు కడుతూనే ఉంటారు. గేటు దగ్గర బల్ల వేసుకుంటే అమ్మకానికి తిరగక్కర్లేదు.

రెండుసెంట్లరైతు
ఇంకా పిందె లేదు, మీరు నన్ను కొట్టు పెట్టించేశారు.

నిడదవోలు_కోడలు
పండు ఈగకి ఏం చేస్తారు? పోయినేడాది నిలిచిన నాలుగు పిందెల్లో రెండు ఈగ కుట్టి వంకరపోయాయి. మామిడి తోటలో వేలాడదీసే ఎర డబ్బా మా మావయ్య ఇస్తే కట్టాను. బోలెడు ఈగలు పడ్డాయి గానీ కాయలు మాత్రం పోతూనే ఉన్నాయి.

కడియం_మొక్క
మామిడి ఎర మిథైల్ యూజినాల్. దానికి మామిడి ఈగలొస్తాయి, అవే మీ డబ్బాలో పడ్డాయి. గుమ్మడి ఈగ వేరే జాతి. దానికి క్యూ ల్యూర్ అని అడిగి కొనాలి. అయినా అది మగ ఈగల్నే పట్టేది. నాలుగు పాదులకైతే పిందె నిలిచిన మర్నాడే పాత నైలాన్ గుడ్డ సంచి తొడగండి, అంతకన్నా మందు లేదు. కుట్టిన పిందెల్ని పాదు దగ్గర పడేయకుండా లోతుగా పాతిపెట్టండి, లేకపోతే అందులోని పురుగులే మళ్ళీ ఈగలవుతాయి.

మొలకప్పుడు ఎర్ర పెంకు పురుగు వస్తుంది. మొదటి రెండు ఆకులూ జల్లెడ చేసేస్తుంది. పొద్దున్నే మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లండి.

చలి మొదలయ్యాక ఆకు మీద బూడిద తెగులు వస్తే గంధకం మాత్రం కొట్టకండి. పాదు జాతి ఆకులు మాడిపోతాయి. మా నర్సరీకి వచ్చే వాళ్ళలో వారానికొకరు ఆ పని చేసి వచ్చి ఏడుస్తారు.

లంకబుల్లోడు
నీళ్ళ సంగతి ఒక్క మాట. సెప్టెంబరు, అక్టోబరులో మీకు నీరు లేక కాదు, నీరెక్కువై పోతుంది పాదు. బుసక కింద నల్లమట్టి అన్నారు, పైన ఇంకిపోయినట్టే కనబడి అడుగున నిలుస్తుంది. గుంత తవ్వి అందులో వేయకండి. అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, చివికిన పెంట కలిపి, దాని మీద మూడేసి గింజలు పెట్టి, మొలిచాక రెండు ఉంచండి. తీగ పాకే దారిలో కణుపుల మీద గుప్పెడు మట్టి వేస్తే అక్కడా వేరు పోసుకుంటుంది, గాలివానకి లేచిపోదు. కాయ కింద ఎండుగడ్డి చుట్ట పెట్టండి. పందికొక్కుకి గడ్డి అడ్డం కాదులెండి, కుళ్ళుకి మాత్రం అడ్డం.

తీగ బెండ వైపు వెళ్తుంటే రోజూ సాయంత్రం కొస పట్టుకుని మీ వైపు తిప్పండి. తెగ్గొట్టకండి. రోజూ తిప్పితే వింటుంది.

ఉట్టిమీదపిల్లి
మా అబ్బాయి వినడు.

బోటనీ_మాస్టారు
కోత గురించి చెప్పి నేను ఊరుకుంటాను. గోరు గుచ్చితే దిగకూడదు, తొడిమ పూర్తిగా ఎండాలి. తొడిమ రెండంగుళాలు ఉంచి కోయండి. దాన్ని పిడిలా పట్టుకుని ఎత్తితే ఊడొస్తుంది, ఊడిన చోటు నుంచే కుళ్ళు మొదలు. వారం పది రోజులు గాలి తగిలే నీడలోనో పలచని ఎండలోనో ఆరబెట్టి, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి.

పేరూరు_పిన్ని
96 తుపాను మాటొకటి గుర్తొచ్చింది. నవంబరు 6 రాత్రి. మా కొబ్బరి చెట్లు ఇరవై పడిపోయాయి, దారులు మూసుకుపోయాయి, కూరగాయ అన్నది లేదు. ఉట్టి మీద మూడు గుమ్మడికాయలున్నాయి. పది రోజులు ఇంట్లో పద్నాలుగు మందికి అదే కూర, అదే పులుసు. ఆ తరవాత ఏడాది దాకా మా మరిది గుమ్మడి పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

హైటెక్_గోదారి
పిన్నిగారూ, అవి ఎంత సైజు?

పేరూరు_పిన్ని
పెద్దవి. ఎనిమిదేసి కిలోలు ఉంటాయి. ఆ రోజుకి చిన్నవి పనికొచ్చేవి కావు, అదీ నిజమే.

రెండుసెంట్లరైతు
అందరిదీ విని తేల్చుకున్నాను. చందన్ నాలుగు దిబ్బలు, బటర్‌నట్ ఒకటి, కంచె పక్కన బూడిద గుమ్మడి రెండు. గింజలు ఈసారి కడియం వెళ్ళి తెచ్చుకుంటాను. కబోచా ఒక్కటంటే ఒక్కటి, అల్లుడు వీడియో కాల్‌లో అడిగితే చూపించడానికి. యూరియా లేదు.

నిడదవోలు_కోడలు
పక్కాయన బెండకి?

రెండుసెంట్లరైతు
మొదటి కాయ ఆయనకే. ముందే చెప్పేశాను. నమ్మలేదు.

రెండుసెంట్లరైతు
సెప్టెంబరు 9న విత్తాను, ఇప్పటికి మూడు వారాలు. అర్జెంటు. చందన్ ఆకుల మీద నరాల మధ్య తెల్లటి మచ్చలు వచ్చాయి, అన్ని పాదులకీ. కాలనీ ప్రెసిడెంటుగారు చూసి బూడిద తెగులు అన్నారు, మందు డబ్బా కూడా తెచ్చి ఇచ్చారు. డబ్బా మీద గంధకం అని ఉంది. టెన్షన్‌గా ఉంది. పీకేయాలా?

కడియం_మొక్క
డబ్బా తిరిగి ఇచ్చేయండి! మచ్చ మీద వేలితో రుద్దండి. పొడి వేలికి అంటిందా?

రెండుసెంట్లరైతు
రుద్దాను. ఏమీ అంటలేదు. మచ్చ మచ్చలాగే ఉంది.

బోటనీ_మాస్టారు
అది ఆకు సహజమైన రంగు. మోస్కాటా ఆకుల్లో చాలావాటికి నరాల మూలల్లో వెండి మచ్చలుంటాయి. తెగులైతే పిండి రాసినట్టు ఉండి వేలికి వస్తుంది. మీ విత్తనం అసలుదే అనుకోండి.

ఉట్టిమీదపిల్లి
ప్రెసిడెంటుగారి చేత కూడా రుద్దించండి.

రెండుసెంట్లరైతు
నవంబరు 4. అక్టోబరు వానకి కబోచా కుళ్ళిపోయింది, మాస్టారుగారు అన్నట్టే. అల్లుడికి ఇంకా చెప్పలేదు. దిబ్బల మీదున్నవి అన్నీ బతికాయి. ఈ పొద్దున చందన్‌కి మొదటి ఆడ పువ్వు విచ్చింది. ఆరుంపావుకి మగ పువ్వు ఒలిచి రాశాను. చెయ్యి వణికింది, నవ్వకండి. కాడకి ఎర్ర దారం కట్టాను. నిలిచిందో లేదో ఎన్నాళ్ళకి తెలుస్తుంది?

లంకబుల్లోడు
నాలుగైదు రోజులు. పిందె పసుపు తిరిగితే రాలిపోతుంది. పచ్చగా ఉబ్బితే నిలిచినట్టు. ఇప్పుడు నిలిస్తే పండడానికి రెండు నెలలు పడుతుంది, పండక్కి అటూ ఇటూగా ఉంటుంది. కొంచెం లేతదైనా దప్పళానికి బాగుంటుందిలెండి.

పేరూరు_పిన్ని
సంచి తొడిగారా?

రెండుసెంట్లరైతు
మా ఆవిడ పాత ఓణీ ముక్క తొడిగింది.

రెండుసెంట్లరైతు
ఐదో రోజు. సంచి విప్పి చూశాను. పచ్చగానే ఉంది. నిమ్మకాయంత.